కణేకల్ కారు, కంపెనీ పెయింటు

2023 మార్చి. అనంతపురంలో బళ్లారి రోడ్డు మీద నా వర్క్‌షాప్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. రిపేర్లతో పాటు, పాత కారు కొనబోయేవాళ్లకి ముందుగా ఆ కారు చూసి మంచిచెడ్డలు చెప్పడం కూడా నా పని. దీన్ని ఇన్‌స్పెక్షన్ అంటాం. బెంగళూరు నుంచి కూడా దీనికోసం ఫోన్లు వస్తాయి. అది నా గొప్పతనం కాదు, మా జిల్లా ఎండ గొప్పతనం. వానలు లేని నేల మీద తిరిగిన కారుకి తుప్పు పట్టదు. సముద్రం పక్క ఊళ్లలో పదేళ్లకే డోరు అడుగు రేకు పొరలుగా రాలిపోతుంటే, మా దగ్గర ఇరవై ఏళ్ల కారు కింద కూడా కంపెనీ వేసిన నల్ల పూత అలాగే కనిపిస్తుంది. ఎండకి డాష్‌బోర్డు పగులుతుంది, డోర్ల రబ్బర్లు బిస్కెట్లలా విరుగుతాయి. రబ్బరు మార్చుకోవచ్చు. రేకు మార్చడం కష్టం.

ఆ నెలలో ఒక రోజు రాయదుర్గం నుంచి శైలజ అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. వాళ్లాయనకి బట్టల అంగడి, ఆవిడకి సొంతంగా జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్. కారు తనే నడుపుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఇరుకులో ఒక్కసారికే తిప్పి పెట్టిన తీరు చూసి, ఈవిడకి బండి మీద ప్రేమ ఉందని అర్థమైంది. చేతిలో ఇంటర్నెట్లో చూసి రాసుకున్న పేర్ల కాగితం ఉంది.

"అన్నా, నాకి స్పోర్ట్స్ కారు కావల్ల. కొత్తది కొనే తాహతు లేదు, పాతదే. కానీ ఇరవై ఏండ్లు పోయినంక జనం దాన్ని చూసి, ఇట్లాంటిది యాడ దొరికింది అని అడగల్ల. క్లాసిక్ కావల్ల."

"ఏది క్లాసిక్ అయితాదో ముందే తెలిస్తే, నేనీడ ఆయిల్ చేతుల్తో ఏంటికి కూచోనుంటానమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మా ఇంటాయన బంగారం కొనుక్కోమంటాండాడు. కారు కొంటే దుడ్లు రోడ్డు పాలంటాండాడు. ఈ కారు విలువ పోదని ఇంట్లో మాటిచ్చినా అన్నా. ఆ మాట నిలబడల్ల."

అప్పుడు కూర్చోబెట్టి నాకు తెలిసింది చెప్పాను. వేగం చూసి కొనొద్దు, ఈ రోజు వేగమైన కారుని రేపు మామూలు కారు దాటిపోతుంది. కంపెనీ తక్కువగా తయారు చేసి ఆపేసిన మోడల్ చూడాలి. అప్పట్లో దాన్ని కాలేజీ కుర్రాళ్లు రోడ్డు మీద ఆగి చూసి ఉండాలి, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత చేతిలో డబ్బు ఆడేది వాళ్లకే, వెతుక్కుంటూ వచ్చేది వాళ్లే. గేర్లు చేత్తో వేసేది అయితే మంచిది. విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరకాలి. ఇన్ని చూశాక కూడా అసలు విషయం మిగిలే ఉంటుంది. ఆ మోడల్లో ఎవరూ మార్పులు చేయనిది, పెయింటు నుంచి సీటు గుడ్డ దాకా కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది, మొదటి రోజు నుంచీ బిల్లులు ఉన్నది దొరకాలి. కుర్రాళ్ల చేతుల్లో పడి స్పోర్ట్స్ కార్లు త్వరగా పాడవుతాయి. పాడవకుండా మిగిలినదే క్లాసిక్.

ఆవిడ కాగితం మీద పేర్లన్నీ కొట్టేసి ఈ మాటలు రాసుకుంది.

తర్వాత రెండు వారాల్లో ఇద్దరం రెండు కార్లు చూశాం. అనంతపురంలోనే ఉన్న ఎర్ర కారు మెరిసిపోతోంది, కానీ సైలెన్సర్, స్టీరింగ్, సీట్లు అన్నీ మార్చేశారు. పాతవి ఏమయ్యాయంటే పాత సామాన్ల వాడికి వేశారట. రెండోది మా జిల్లా నంబరు ప్లేటు ఉన్న నీలం కారు. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగితే లోపలి మడతలో ఎండిన బురద చార కనిపించింది. అంత బురద పట్టేంత నీళ్లు మా వైపు రోడ్ల మీద నేను చూడలేదు. ఎక్కడో వరదలో మునిగి, ఎండిన జిల్లా పేరు చెప్పుకుని అమ్ముడుపోదామని వచ్చిన కారు అది. రెండూ వదిలేశాం.

మూడోది రాయదుర్గం దగ్గరే కణేకల్‌లో ఉందని ఆవిడకే తెలిసింది. ఓనరు రుద్రప్ప, కాలవ కింద వరి పండించే రైతు, అరవై ఐదేళ్లు. చూడటానికి మామూలు చిన్న కారు, లోపల మాత్రం ఆ సైజుకి ఎవరూ వేయనంత పెద్ద ఇంజన్. అమ్మకాలు లేక కంపెనీ కొన్నేళ్లకే ఆ మోడల్ ఆపేసింది. నేను చెప్పినవన్నీ అందులో ఉన్నాయి.

మేం వెళ్లేసరికి ఆయన షెడ్డు తలుపులు తీసి, కారు మీద దుప్పటి తీసి, పక్కన కుర్చీలు వేసి ఉంచాడు. వెండి రంగు కారు. హెడ్‌లైట్ల అద్దాల మీద మాత్రం సన్నగా చుక్కలున్నాయి, ఆ వైపు గాలికి లేచే హగరి ఏటి ఇసుక కొట్టిన చుక్కలు. మిగతాదంతా నిన్న షోరూం నుంచి తెచ్చినట్టుంది.

"ఏంటికి అమ్ముతాండారు పెద్దాయనా?" అని అడిగింది శైలజ.

"ఎడమ మోకాలు పోయిందమ్మా. క్లచ్ తొక్కలేకున్నా. డాక్టరు ఆపరేషన్ అంటాండాడు. లేకుంటే నేను దీన్ని అమ్మేటోన్ని కాదు." ఆయన కారు మీద చెయ్యి వేశాడు. "ఆదివారమైతే బళ్లారి దాకా పోయి కాఫీ తాగి వస్తాంటి. కంపెనీ పెయింటమ్మా. ఎవురూ ఒక గీత గూడా పెట్టలే."

నా చేతికి ఒక లావుపాటి ఫైలు ఇచ్చాడు. కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ తేదీల వరసలో ఉంది. ఒక్కొక్కటే తిప్పుతూ వెళ్తే 2010 నాటి క్లచ్ ప్లేట్ బిల్లు వచ్చింది. అనంతపురంలో నేను అప్పట్లో పనిచేసిన షెడ్డుది. కింద మెకానిక్ సంతకం నాది.

ఫైలు మూసేశాను.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. క్లచ్ వేశాక ట్రయల్‌కి గార్లదిన్నె వైపు తీసుకెళ్లాను. ఆ ఇంజన్ అంతకుముందు ఎప్పుడూ నా చేతికి రాలేదు, అవసరమైన దానికంటే చాలా దూరం పోయాను. తిప్పుకోవడానికి వెనక్కి తీస్తుంటే కుడివైపు వెనక చక్రం పైన రేకు కిలోమీటరు రాయికి తగిలింది. అరచెయ్యంత గుంత. షెడ్డు యజమాని, "చెప్తే పార్టీ పోతాది, కనపడకుండా చేసెయ్" అన్నాడు. గుంతలో లంబి నింపాం. లంబి అంటే మాలో గుంతలు పూడ్చే మెత్తటి ముద్ద, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. దానిమీద రంగు కొట్టాం. క్లచ్ ప్లేట్ దొరకలేదని చెప్పి రెండు రోజులు ఎక్కువ ఉంచుకున్నాం. రంగు బాగా కలిసింది. రుద్రప్ప వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా భుజం తట్టి తీసుకెళ్లాడు. ఆ తర్వాత వందల బండ్లు చూసి ఉంటాను. దాన్ని పూర్తిగా మరిచిపోయాను. ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది, ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

పెయింటు మందం కొలిచే గేజ్ అని ఒక చిన్న మిషన్ ఉంటుంది. రేకు మీద ఆనిస్తే అంకె చూపిస్తుంది. కంపెనీ పెయింటైతే నూటికి అటూ ఇటూ ఉంటుంది. కింద లంబి ఉంటే మూడు వందలు దాటుతుంది. అది శైలజ చేతిలో ఉంది, ముందు రెండు కార్లు చూసినప్పుడే ఆవిడ నేర్చుకుంది. బానెట్ మీద పెట్టింది, నూట పది. డోరు, నూట ఐదు. ఎడమవైపు అంతా అలాగే వచ్చింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నేను ఇంజన్ మీదికి వంగి ఏదో చూస్తున్నట్టు నటిస్తున్నాను. ఆ ఒక్క చోట పెట్టకపోతే బాగుండునని అనుకున్నాను. దాచడం సరికాదు, నిజమే. కానీ ఆ నిమిషంలో నేను అనుకున్నది అదే.

"నాలుగు వందల ఇరవై" అంది శైలజ. మళ్లీ పెట్టింది. "పెద్దాయనా, ఈడ పెయింటు కొట్టినారే."

"లేదమ్మా."

"మిషన్ చూపిస్తాండాది గదా. లోపల పూడ్చినారు."

"లేదంటాండా గదమ్మా. బండి నా చెయ్యి దాటి పోలేదు. మిషన్ సరిగ్గా లేదేమో చూడు."

"ఇంత సేపు సరిగ్గా ఉండి ఈడొక్క చోటనే చెడిపోతాదా? అమ్మేటప్పుడు అందరూ ఒక గీత లేదనే అంటారు."

రుద్రప్ప లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "అంటే నేను అబద్ధం చెప్తాండానంటావా? ఏమప్పా, మెకానిక్‌వి నువ్వు. నువ్వన్నా చెప్పు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"మిషన్ చెడిపోలేదమ్మా. పెద్దాయన గూడా అబద్ధం చెప్పలే" అన్నాను. "ఆ రేకు గుద్దింది నేను. పూడ్చింది గూడా నేనే." ఫైలు తెరిచి బిల్లు మీద నా సంతకం చూపించి, జరిగిందంతా చెప్పాను.

ఆయన బిల్లు మీద సంతకం దగ్గర వేలు పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"పదమూడేండ్లు" అన్నాడు. "ఈ బండి చూసిన ప్రతోనికీ కంపెనీ పెయింటని చెప్పుకున్నా. ఇప్పుడీ పాప ముందర దొంగోన్ని మాదిరి నిలబడినా. బండికి దెబ్బ తగిలితే తగిలిందిలే. నా మాటని చెడగొట్టినావు గదప్పా." ఫైలు నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఈ పొద్దు అమ్మేది లేదు. పోండి."

శైలజ ఆయనకి చేతులు జోడించి, "నేను తొందరపడినా, మన్నించండి" అంది. ఆయన తలూపి షెడ్డు తలుపు మూసుకున్నాడు.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక ఆవిడ అడిగింది. "అన్నా, నేను మిషన్ ఆడ పెట్టకపోయింటే చెప్పింటావా?"

"తెలీదమ్మా."

"మా యూనిట్లో తప్పు కుట్టు పడితే విప్పి మళ్ల కుడతాం. ప్యాంటుకేమీ కాదు. విప్పకుండా పైనే ఇంగో కుట్టు వేసి పంపితేనే లాటు లాటంతా వాపసు వస్తాది" అంది. నన్ను దెప్పుతున్నట్టు లేదు. తన పని గురించి మాట్లాడుతున్నట్టే చెప్పింది.

ఇంక ఆ సంగతి అంతేననుకున్నాను. ఆరో రోజు పొద్దున వర్క్‌షాప్ తీసేసరికి గేటు ముందు వెండి రంగు కారు ఉంది. రుద్రప్ప ఆ మోకాలితోనే కణేకల్ నుంచి క్లచ్ తొక్కుకుంటూ వచ్చాడు. దిగడానికి నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆపరేషన్‌కి తేదీ ఇచ్చినారు. ఆ లంబి నా కండ్ల ముందర గీకు. కింద ఏముండాదో నేను చూడల్ల. ఆ పాపని గూడా పిలిపించు."

మధ్యాహ్నానికి శైలజ వచ్చింది. రుద్రప్ప కుర్చీ వేసుకుని చక్రం పక్కనే కూర్చున్నాడు. గ్రైండర్ పెడితే రేకు పల్చబడుతుందని చేత్తోనే గీకాను. లంబి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద రేకు తెల్లగా బయటపడింది, ఎక్కడా తుప్పు లేదు. వానలున్న ఊళ్లో అయితే ఇన్నేళ్లకి ఆ లంబి కింద చిల్లు పడి ఉండేది. ఆయన ముందుకి వంగి ఆ గుంతలో వేళ్లు పెట్టి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు. "దీని కోసరమా దాచినావు? ఆ పొద్దే చెప్పింటే రోంత సేపు అరిచి ఊరుకుందును గదప్పా."

నేను సుత్తి చేతిలోకి తీసుకున్నాను.

లోపలి నుంచి డాలీ ఆనించి, బయట సుత్తితో కొద్దికొద్దిగా తడుతూ రేకుని దాని వంపుకి తెచ్చాను. డాలీ అంటే చేతిలో పట్టే ఇనుప దిమ్మ. లంబి ముట్టకుండా చేయాలంటే సగం పూట పని రెండు రోజులు పడుతుంది. మూడో రోజు రంగు వేశాను. ఆయన అనంతపురంలోనే చుట్టాలింట్లో పడుకుని, మూడు రోజులూ పొద్దున్నే వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. మేం మాట్లాడుకుంది తక్కువ. రెండో రోజు మాత్రం ఆయనే ఇద్దరికీ టీ తెప్పించాడు, శైలజ ఇంట్లో ఇచ్చిన మాట సంగతి అప్పుడే చెప్పాను.

రంగు ఆరేసరికి శైలజ డబ్బు తీసుకుని బస్సులో వచ్చింది. రుద్రప్ప నా వైపు తిరిగి, "రాయి" అన్నాడు. నా బిల్లు పుస్తకంలో రాశాను: 2010లో ట్రయల్‌కి తీసుకెళ్లి ఈ చోట గుద్దాను, ఓనరుకి చెప్పలేదు, ఇప్పుడు విప్పి సరిచేశాను. కింద సంతకం పెట్టాను. ఆయన అది చదివి ఫైల్లో చివరన పెట్టి, ఫైలూ తాళమూ శైలజకి ఇచ్చాడు.

"ఇది ఇప్పుడు కంపెనీ పెయింటు కాదమ్మా. ఇంట్లో మాటిచ్చినా అన్నావంట, బాగా చూసుకో" అన్నాడు.

"ఒక చోట తప్ప అంతా కంపెనీదే. ఆ ఒక్క చోట ఏం జరిగిందో కాగితం ఉండాది. ఇంత తెలిసిన బండి నాకి ఇంగ యాడ దొరుకుతాది పెద్దాయనా?" అంది ఆవిడ.

"వారానికొకసారన్నా తిప్పు. కప్పి పెట్టొద్దు."

ఆవిడ ఆయన్ని అదే కారులో ఎక్కించుకుని కణేకల్‌లో దింపి రాయదుర్గం వెళ్లింది. రుద్రప్ప నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వెళ్లేటప్పుడు కిటికీలోంచి తలూపాడు.

ఆ కారు ఆర్నెల్లకోసారి ఆయిల్ మార్చడానికి నా దగ్గరికే వస్తోంది. బంగారం కొనమన్న వాళ్లాయనే ఇప్పుడు ఎక్కువ నడుపుతున్నాడని శైలజ విసుక్కుంటుంది. అది క్లాసిక్ అవుతుందా అంటే నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ మోడల్ అమ్మకానికి రావడం తగ్గింది, అంతవరకే తెలుసు. ఎంత మంచి మోడల్ ఎంచుకున్నా, అది ఇరవై ఏళ్లలో ఎంతమంది చేతుల్లోంచి వస్తుందో, ఆ చేతులు ఏం చేశాయో ఏ లిస్టులోనూ ఉండదు.

నా పనిలో మారింది ఒకటే. గేజ్ ఎక్కువ అంకె చూపిస్తే ఇదివరకు ఓనరు ముఖం వైపు చూసేవాణ్ణి, అబద్ధం దొరికిందన్నట్టు. ఇప్పుడు అలా చూడను. "ఈ బండి ఎప్పుడైనా ఎవరి దగ్గరన్నా వదిలి వచ్చినారా అన్నా?" అని అడుగుతాను. చాలామంది కాసేపు ఆలోచించి, ఏదో ఒక మెకానిక్ పేరు చెబుతారు.