వెనక్కి వెళ్లని కారు

మొన్న అమ్మతో గవర్నర్‌పేట వెళ్లి, పార్కింగ్‌లోంచి కారు వెనక్కి తీస్తుంటే సెన్సార్ కీచుకీచుమంది. నా చిన్నప్పుడు మేం పామర్రులో ఉన్నప్పటి నాన్న పాత కారు గుర్తొచ్చింది.

దానికి రివర్స్ గేరు పడేది కాదు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నాడు మా వీధి మెకానిక్. అంత పెట్టలేక నాన్న అలాగే నడిపేవారు. వెనక్కి తియ్యాల్సొస్తే తొయ్యడానికి అమ్మ కుచ్చిళ్లు దోపుకుని దిగేది, వెనకాలే నేనూ. పెళ్లిళ్లలో అయితే చుట్టాలంతా నవ్వుతూ వచ్చి బానెట్ మీద చేతులేసేవారు. కార్లన్నీ ముందుకు పెట్రోలుతో, వెనక్కి మనుషులతో నడుస్తాయని నేను గట్టిగా నమ్మాను.

చివరికి విసిగిపోయి అమ్మేస్తానన్నారు నాన్న. ఒక్కసారి ఆటోనగర్‌లో చూపిద్దామని అమ్మ పట్టుబట్టింది. అక్కడ ఒక ముసలి మెకానిక్ గేరు రాడ్డు అటూ ఇటూ కదిపి చూశాడు. కారు కిందికి దూరి, అరిగిపోయిన చిన్న ప్లాస్టిక్ బుష్ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"బాక్సు బంగారంలా ఉందండీ. రాడ్డు లూజయిందంతే. ఇదొక్కటి మారిస్తే చాలు," అన్నాడు.

కొత్తది వేశాక నాన్న గేరు వేశారు. కారు దానంతటదే వెనక్కి కదిలింది. నేను హడలిపోయాను.

"నాన్నా, బ్రేకెయ్యి! ఎవరూ తొయ్యట్లేదు!"

షెడ్డంతా ఒకటే నవ్వు.

ఆ గేరు ఆరోజే బాగైంది గానీ, అమ్మ అలవాటు మాత్రం పోలేదు. మొన్న కూడా నేను రివర్స్ వెయ్యగానే ఆవిడ చెయ్యి తలుపు మీదికి పోయింది.

"కూర్చోమ్మా, అదే వెళుతుంది," అన్నాను.

"వెళితే వెళ్లనీవే. ఓ చెయ్యేస్తే పోయిందేముంది?" అంది.