రత్నం అతికించిన చిప్పు

దెయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. మాది కోవూరు, చదివింది ఎలక్ట్రానిక్స్. ఏదైనా పనిచేయకపోతే ఎక్కడో వైరు ఊడిందనే అనుకుంటాను. అందుకే ఈ సంగతి తలచుకుంటే నాకు భయం కాదు, ఒళ్లు మండుతుంది.

ఫైనలియర్‌లో నాకూ రత్నానికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. రత్నం వాళ్లది మైపాడు, వాళ్ల నాన్న ఫైబర్ పడవలకు రిపేర్లు చేస్తాడు. ఏ వల ఎవరిదో తెలియడానికి చేపల వలలకు కట్టే చిన్న ట్యాగు ఒకటి, దాని నంబరు చదివే రీడరు ఒకటి మేమే తయారు చేయాలి. ట్యాగులో బ్యాటరీ ఉండదు. రాగి తీగ చుట్టకు ఒక చిప్పు అతికిస్తాం. మూడు వేళ్ల దూరంలో రీడరు పెడితే, దాన్నుంచే కరెంటు తీసుకుని ఆ చిప్పు తన నంబరు చెబుతుంది. చిప్పు లేకపోతే అది ఉత్త రాగి తీగ.

రీడరు నా వంతు, ట్యాగు రత్నం వంతు. బజారులో కొన్న ఒక ట్యాగు నంబరు రాసుకుని, దాని చిప్పు ఊడదీసి వాడికిచ్చాను. వాడు చేసిన ఘనకార్యం ఏమిటంటే, పరీక్షించకముందే మా ట్యాగును పడవలకు పూసే రెసిన్‌లో పెట్టి గట్టిపరిచేశాడు. లోపలికి నీళ్లు పోకూడదట.

వారం రోజులు కుస్తీ పట్టాను. రీడరు తీగ విప్పి మళ్లీ చుట్టాను, చేతులు కాల్చుకున్నాను. బజారులో కొన్న ట్యాగులన్నీ అది చదువుతోంది. మాది మాత్రం ఉలకదు, పలకదు.

ఈ ప్రాజెక్టు పోతే డిగ్రీ ఆగుతుంది, ఇద్దరికీ చేతికొచ్చిన ఉద్యోగాలు పోతాయి. ఆ కోపంలో ల్యాబులో అందరి ముందూ వాణ్ణి పనికిమాలినవాడన్నాను. చిప్పు పెట్టడమే మరిచిపోయి ఉంటావన్నాను. వాడి మొహం మాడిపోయింది.

“నా చేత్తో అతికించినాన్రా. పలుకుతాది,” అన్నాడు, అంతే.

మర్నాడు పదకొండు గంటలకు ఎగ్జామినర్ గారి ఎదుట రత్నం ట్యాగును రీడరు దగ్గర పెట్టాడు. బీప్‌మని నంబరు వచ్చింది. నేను రాసుకున్న నంబరే. ఆయన మూడుసార్లు పెట్టించి చూశారు. దూరం జరిపితే ఆగింది, దగ్గరికి తెస్తే మళ్లీ వచ్చింది. పాసయ్యాం. బయటికి రాగానే వాడి చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

అన్నాళ్లు మొండికేసింది ఆ రోజే ఎందుకు పలికిందో చూద్దామని, తర్వాత ఇంట్లో ఆ ట్యాగును రంపంతో జాగ్రత్తగా కోశాను. లోపల చిప్పు లేదు. తీగ కొసలు రెండూ రెసిన్‌లో విడివిడిగా ఉన్నాయి. అతికించే ముందు గీకాల్సిన పూత కూడా వాటి మీద అలాగే ఉంది, టంకం తగిలిన గుర్తే లేదు. నా ప్రోగ్రాం అంతా వెతికాను. ఆ నంబరు అందులో ఎక్కడా లేదు. అలాంటిదే ఇంకో ఉత్త చుట్ట చేసి రీడరు మీద పెట్టాను, ఏమీ రాలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడికొచ్చి ఆగిపోతాను.

మొన్న ఫోనులో కూడా రత్నం, “ఆ రోజు నన్ను నమ్మింటే నీకంత కష్టం ఉండేది కాదు గదరా,” అని నవ్వాడు. అవునన్నాను.

వాడికి ఇంతవరకు చెప్పలేదు. చెబితే నేను అందరి ముందూ అన్న మాటే నిజమవుతుంది. మరి ఆ నంబరు చెప్పిందెవరని వాడు నన్నే అడుగుతాడు.