ఎర్ర దారం కట్టిన చీటీలు

మా చర్చిలో పదహారేళ్ళపాటు ప్రార్థన చీటీలు చదివింది మిషనమ్మే. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో. గుమ్మం పక్క చెక్కపెట్టెలో ఎవరి కష్టం వాళ్ళు చీటీ రాసి వేస్తారు. ఆదివారం ప్రసంగం అయ్యాక అవి చదవాలి, ఒక్కోదానికి జనం ఆమెన్ అనాలి. మిషనమ్మ శనివారమే పెట్టె ఇంటికి తెచ్చుకుని అన్నీ ముందుగా చూసుకునేది. పరువు పోయే సంగతి ఉంటే ఆ చీటీకి ఎర్ర దారం ముక్క కట్టేది. దారం ఉన్నదానికి పేరు చదవదు, "ఒక కుటుంబం కోసం" అంటుంది. నా చీటీకీ ఒకసారి ఆ దారం పడింది. ఆ మేలు నేను మరిచిపోలేదు.

ఎన్నికలొచ్చాయి. మా చర్చికి పైకప్పు రేకులు వేయించిన కాంట్రాక్టరు పోటీలో నిలబడ్డాడు. మా పాస్టరు అయ్యగారు మంచివారే. వాన పడ్డప్పుడల్లా బల్లల కింద బకెట్లు పెట్టి విసిగిపోయినవారు. ఆ ఆదివారం ప్రసంగంలో, "పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే ఒక్కడే తిరిగొచ్చి ప్రభువు కాళ్ళ మీద పడ్డాడు. మనం మిగతా తొమ్మిదిమందిలో చేరదామా? రేకులు వేసిన చేతిని ఓటు రోజున మరిచిపోదామా?" అన్నారు.

"ప్రభువు బాగుచేసి ఓటడగలేదు కదయ్యా!" అని నా వెనక బల్లలో రొట్టెల కొట్టాయన గొణిగాడు. పెళ్ళాం గిల్లితే ఊరుకున్నాడు.

ప్రసంగం ముగించి అయ్యగారు మిషనమ్మ చేతిలో ఒక చీటీ పెట్టారు. కాంట్రాక్టరుగారు గెలవాలి, అని అందులో ఉందట. ఆమె మాత్రం, "ఓటు అడిగేవాళ్ళ కోసం, వేసేవాళ్ళ కోసం" అని చదివింది. ఆమెన్ రేకులు అదిరేలా వచ్చింది. అయ్యగారి ముఖం మాడిపోయింది.

సాయంత్రానికల్లా మిషనమ్మకి అయ్యగారి దగ్గర్నుంచి కబురొచ్చింది: "ఇక నుంచి మీ తోటికోడలు చదువుతుందమ్మా. ఆవిడ గొంతు బాగుంటుంది."

పని పోయినందుకు కాదు, ఆ గొంతు మాటకి మండిపోయింది మిషనమ్మ. "నేను వేలు పట్టుకుని చర్చికి తెచ్చిన పిల్ల, వదినా! పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునేది!" అంటూ నా దిండు గలీబుకి ఒక కుట్టు పడాల్సిన చోట మూడు కుట్లు వేసేసింది.

ఆదివారం తోటికోడలు చదివింది. గొంతు నిజంగానే తేనె. దారం సంగతి ఆ అమ్మాయికి తెలీదు, ఈవిడ చెప్పలేదు. "మా ఆయన మళ్ళీ తాగుతున్నాడు" అన్న చీటీని తాపీమేస్త్రీ భార్య పేరుతో సహా ఉన్నదున్నట్టు చదివేసింది. తర్వాత కాంట్రాక్టరు గెలుపు చీటీ. ఆమెన్ రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ కాంట్రాక్టరు డ్రైవరు ఒక్కడే అన్నాడు. "విన్నావా?" అని మిషనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. కళ్ళు మెరిశాయి. తల దించుకుని కూర్చున్న మేస్త్రీ భార్యను చూశాక ఆ మెరుపు పోయింది.

ఆ వారం పెట్టెలో ఒక్క చీటీ పడలేదు. అన్నీ మిషనమ్మ ఇంటికి చేరాయి, పాంటు జేబుల్లో, గౌను గుడ్డ మడతల్లో. "చూశావా వదినా, జనానికి నేనే కావాలి!" అని మురిసిపోయింది.

శనివారం చిరుగు కుట్టమని ఒక దుప్పటి వచ్చింది. మడతలో తోటికోడలి చేతిరాత: "అక్కా, నా కోసం ప్రార్థించు. రేపు ఖాళీ పెట్టె పట్టుకుని అందరి ముందూ నిలబడాలి. ఎక్కడ తప్పు చేశానో ఒక్కరూ చెప్పడం లేదు."

మిషనమ్మ అది నాకు చూపించి, "ఎగురుకుంటూ వెళ్ళింది కదా, నిలబడనీ!" అంది. అంటూనే ఎర్ర దారపు ఉండ అందుకుంది.

మర్నాడు ప్రసంగం అయ్యాక తోటికోడలు లేచి పెట్టె తెరిస్తే అయ్యగారి చీటీ ఒక్కటే ఉంది. ముందు బల్లలో కాంట్రాక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మిషనమ్మ బల్లల మధ్యగా నడిచి వెళ్ళి తన దగ్గరున్న చీటీల కట్ట ఆమె చేతిలో పెట్టింది. "దారం ఉన్నవాటికి పేరు చదవకే," అని మా అందరికీ వినబడేంత గట్టిగా గుసగుసలాడి, తిరిగొచ్చి కూర్చుంది.

చీటీ చీటీకీ ఆమెన్ వచ్చింది. మేస్త్రీ భార్య కూడా అంది. చివరికి అయ్యగారి చీటీ మిగిలింది. తోటికోడలు దాన్ని రెండుసార్లు చూసుకుంది. ఊడిపడ్డ దారం ముక్కొకటి దాని చుట్టూ చుట్టి, "ఓటు అడిగేవాళ్ళ కోసం, వేసేవాళ్ళ కోసం" అంది.

రేకులు మళ్ళీ అదిరాయి. అయ్యగారు తలెత్తి ఆ రేకులవైపే చూస్తూ ఉండిపోయారు.

మెట్లు దిగుతూ మిషనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా మాటే వదినా, అక్షరం పోకుండా ఎత్తుకెళ్ళింది! పైగా నాకన్నా బాగా చదివింది, చూశావా?" అంది, ముఖం ముడుచుకుని.

వెనకనుంచి "అక్కా, ఆగవే!" అని కేక వినబడింది. ముఖం అలాగే పెట్టుకుని ఆగింది.