ఎజ్రా అంకుల్ తోరాకి ఎదురు రాని మామ్మ

మా చిన్నప్పుడు... బెడోక్‌లో మా పక్క ఫ్లాట్ ఎజ్రా అంకుల్‌ది. సాయంత్రమైతే ఆయన కారిడార్‌లో కుర్చీ వేసుకునేవారు. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, గడప దగ్గర పీట వేసుకుని చిక్కుళ్ళు ఒలిచేది. ఇద్దరిదీ పొరుగుదేశం మలేషియాలో ఒకే ఊరు, ఒకే వీధి... మాటలన్నీ మలాయ్ భాషలోనే. ఆయన మామ్మని అక్కా అన్నట్టు 'కాకా' అని పిలిచేవారు.

హైదరాబాదు నుంచి ఐటీ ఉద్యోగాలకని తెలుగువాళ్ళు వరసగా ఇక్కడ దిగుతున్న రోజులవి. లిఫ్టులో వాళ్ళు కనబడితే, మీవాళ్ళు పెరుగుతున్నారు, మావాళ్ళు తరుగుతున్నారు అని అంకుల్ నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు దిగులేసేది.

అంకుల్ యూదులు. మలేషియాలో ఆ వీధిలో వాళ్ళకో ప్రార్థనామందిరం ఉండేదట. పదిమంది మగవాళ్ళు కూడితే తప్ప వాళ్ళ ప్రార్థన పూర్తిగా జరగదు. కొందరు ఊరు విడిచారు, కొందరు కన్నుమూశారు... చివరికి పదిమంది దొరక్క తాళం పడింది. దాని తలుపు నీలం రంగని ఆయన, కాదు ఆకుపచ్చని మామ్మ... ఎన్నిసార్లు వాదించుకున్నారో.

పెళ్ళీ పిల్లలూ లేని ఆ మనిషి, ఆ మందిరం జ్ఞాపకంగా కొత్త తోరా రాయించారు. తోరా అంటే వాళ్ళ పవిత్ర గ్రంథం, తోలు మీద చేత్తో రాసిన పెద్ద చుట్ట. ఇక్కడి మందిరానికి దాన్ని సమర్పించే రోజున మామ్మని రమ్మని మరీమరీ పిలిచారు. కొత్త తోరాని పందిరి కింద మోసుకొస్తారట... లోపలున్న పాత తోరాలని గుమ్మం దాకా తెచ్చి దానికి ఎదురుకోలు చేస్తారట.

"ఆ గుడిని కళ్ళారా చూసినవాళ్ళం నువ్వూ నేనే మిగిలాం కాకా. నువ్వు గుమ్మంలో నిలబడాలి" అన్నారు. మామ్మ తలూపింది.

ఆ రోజు ఉతికిన తెల్ల నేతచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. తీరా దిగాక మందిరం వైపు అడుగు వెయ్యలేదు. రోడ్డుకి ఇవతల చెట్టు వెనకే ఆగిపోయింది.

"మామ్మా, అంకుల్ వెయిటింగ్ లా" అన్నాను, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

"మీ తాత పోయినకాణ్ణుంచి నాను ఏ శుభకార్యానికీ ఎదురెల్లనేదు. ఇన్నాళ్ళకి ఆయనకో మంచి జరుగుతోంది. దాని మీద నా నీడ పడాలేటి?"

మా అత్త పెళ్ళిలో కూడా మామ్మ వంటింట్లోంచి బయటికి రాలేదని తర్వాత అమ్మ చెప్పింది. కన్నకూతురి పెళ్ళికే రాని మనిషిని ఇక ఎవరు కదిలిస్తారు?

పాటలు దగ్గరయ్యాయి. అంకుల్ తోరాని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని నడిచొస్తున్నారు. గుమ్మం దగ్గర ఆగి, చుట్టూ ఉన్న ముఖాల్లో ఒకరి కోసం వెతికారు. వెనక్కి తిరిగి వీధంతా చూశారు. జనం ఆయన్ని మెల్లగా లోపలికి నడిపించారు. మామ్మ చెట్టు వెనక చేతులు జోడించి ఏడుస్తూ ఉంది.

మర్నాడు మామ్మ ఆయనకి ఉన్నదంతా చెప్పింది. మాకు అలాంటి పట్టింపేమీ లేదే అని అంకుల్ నెమ్మదిగా అన్నారు.

"తాళం వేసిన రోజునా గుమ్మంలో నావాళ్ళెవరూ లేరు కాకా. నిన్నా లేరు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేదని మామ్మ పోయేదాకా అనుకునేది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ తోరా తెరిచి చదివేవాళ్ళలో ఆ పాత మందిరాన్ని చూసినవారు ఒక్కరూ లేరు.

నిరుడు మా పాప ఓణీల ఫంక్షన్‌లో మా అమ్మ తనంతట తనే వెనక వరసలోకి జరిగిపోయింది. నాన్న పోయాక ఇంట్లో అదే మొదటి శుభకార్యం. చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను. కాలం మారిందని అందరూ మెచ్చుకున్నారు... అక్షతలు వేసి అమ్మ మాత్రం మళ్ళీ వెనక వరసలోకే వెళ్ళిపోయింది.

మీ ఇళ్ళల్లో కూడా, పిలిచినవాళ్ళు ఎదురు చూస్తుంటే, మంచి జరగాలనే దూరంగా నిలబడిపోయిన పెద్దవాళ్ళు ఉన్నారా... ఉంటే వాళ్ళ గురించి రెండు మాటలు చెప్పండి.