నా మాటకి టీచరు గారికి పడ్డ చప్పట్లు

మా చిన్నప్పుడు... చల్లపల్లిలో మా ఇంటి వసారాలో ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి నవలల మీద పెద్ద గొడవే జరిగేది. మా అమ్మ, మా స్కూల్లో తెలుగు చెప్పే వసుంధర టీచరు గారు, ఆస్పత్రిలో నర్సుగా చేసే రూతమ్మ గారు... వంటిళ్ళు సర్దుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. మధ్యలో చేటలో వేయించిన వేరుశనక్కాయలు...

ఒక ఏడాది ఓ వారపత్రిక నవలల పోటీ పెట్టింది. బహుమతి కోసం చివరిదాకా నిలిచిన నవలల్ని వరసగా వేస్తూ, "మీకేది నచ్చింది, ఎందుకు నచ్చింది" అని పాఠకుల్నే అడిగింది. ఇంకేముంది... ముందు టీచరు గారు, తర్వాత అమ్మ, ఆ తర్వాత రూతమ్మ గారు. అందరి చేతులూ దాటి, నూనె మరకలతో, పోపు వాసనతో ఆ పత్రిక నా దాకా వచ్చేది. నేనప్పుడు ఏడో తరగతి. నవారు మంచం మీద బోర్లా పడుకుని ఒక్క ముక్క వదలకుండా చదివేదాన్ని.

వాటిల్లో ఒక నవల మీద మాత్రం అందరిదీ ఒకటే మాట. భర్త వదిలేసి పోతాడు. ఏళ్ళ తర్వాత తిరిగొస్తాడు. ఆవిడ అన్నం పెడుతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

"ఎంత మంచి మనసండీ! ఇట్టే క్షమించేసింది," అన్నారు టీచరు గారు.

నాకు ఆగలేదు. "క్షమించలేదండీ," అనేశా.

అందరూ నా వైపు తిరిగారు.

"ముందంతా ఆయనకి వడ్డించినప్పుడల్లా 'ఇంకొంచెం వెయ్యనా' అని అడుగుద్ది కదండీ... చివర్లో అడగలా. పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. ఆకలని ఎవరొచ్చినా అట్టాగే పెట్టుద్ది."

రూతమ్మ గారు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "నిజమేనే పిల్లా!" అన్నారు. అమ్మ ముఖంలో చిన్న నవ్వు. టీచరు గారు మాత్రం, "పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకే, పోయి చదువుకో," అన్నారు.

కొన్నాళ్ళకి పత్రికవాళ్ళు బెజవాడలో పాఠకుల సభ పెట్టారు. మాట్లాడమని టీచరు గారికి కబురొచ్చింది. అందరం బస్సెక్కాం. ఉయ్యూరు దాటాక టీచరు గారు లేచొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఆ రోజు ఏదో అన్నావే... వడ్డించడం గురించి. మళ్ళీ చెప్పు."

చెప్పాను. నా కళ్ళలోకే చూస్తూ విన్నారు. ఇంకోసారి చెప్పించుకున్నారు. బుగ్గ పుణికి, "గట్టిదానివే," అన్నారు. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. నన్ను స్టేజీ మీదకి పిలుస్తారనుకున్నా... పావడా మడతలు సర్దుకున్నా కూడా.

టీచరు గారు మైకు ముందు నిలబడ్డారు. "అందరూ ఆవిడ క్షమించిందంటున్నారు. నాకు మొదటిసారి చదివినప్పుడే అలా అనిపించలేదు," అని మొదలుపెట్టారు... అంతా నా మాటే. "ఇంకొంచెం వెయ్యనా" దగ్గర్నించి, "ఆకలని ఎవరొచ్చినా" దాకా. నా పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చూస్తున్నా. హాలంతా చప్పట్లు. స్టేజీ మీద పెద్దాయన లేచి, "చదవడమంటే ఇదమ్మా!" అని ఆవిడకి శాలువా కప్పారు.

అమ్మ వైపు చూశాను. అమ్మ చప్పట్లు కొడుతోంది. నా వైపు ఒకసారి చూసింది... చూసి కూడా కొడుతూనే ఉంది. రూతమ్మ గారు కొట్టలేదు. నా తల మీద చెయ్యి వేశారు. కానీ ఆవిడా నోరు విప్పలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "అమ్మా, అది నేను చెప్పింది కదా?"

"ఊరుకో... వింటారు."

"అందరూ విన్నారు కదమ్మా ఆ రోజు!"

"రేపు ఆవిడ క్లాసులోనే కూర్చోవాలి నువ్వు. ఎవరు చెప్తే ఏంటే?"

ముందు సీట్లో శాలువా కప్పుకుని టీచరు గారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ఏ నవల గురించి ఎవరడిగినా "బాగుంది" అనేదాన్ని. అంతే. టీచరు గారు బదిలీ అయి వెళ్ళేదాకా అదే మాట.

మొన్న మా ఫోన్ గ్రూపులో ఈసారి బహుమతి జాబితాలో ఉన్న నవలల మీద చర్చ నడుస్తోంది. నేను నాలుగు ముక్కలు రాయడం, చెరిపేయడం... మా ఇంటికొచ్చిన అమ్మ చూసి, "రాసింది చెరుపుతావేంటే?" అంది. ఆ సభ సంగతి ఎత్తాను.



"చిన్నపిల్లవి... మర్చిపోతావనుకున్నానే," అంది అమ్మ.



ఇప్పుడు అభిప్రాయాలకేం కొదవలేదు. పుస్తకం తెరవకముందే వచ్చేస్తున్నాయి. పక్కనే పేరూ, ఫోటో కూడా... అన్నది ఎవరో అందరికీ తెలుస్తుంది. కానీ ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ మన మాట వినేవాళ్ళేరీ... అయినా అలా విన్నవాళ్ళ చేతిలోనే కదా నేను మోసపోయింది.

మీ మాటకి ఇంకెవరికో చప్పట్లు పడ్డ రోజు మీకూ ఉందా? ఉంటే ఇక్కడ చెప్పండి... మీ పేరుతోనే చెప్పండి.