మాస్కు చాటు పాట

పదో తరగతి పిల్లలు తెలుగు టీచరుకి పెట్టిన పేరు 'ఉదాహరణ టీచర్'. ఏ సాహిత్య ప్రక్రియ గురించి ఎవరు ఏం అప్పజెప్పినా ఆమె "సరే, ఉదాహరణ?" అంటుంది. శతకమంటే ఏమిటో గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడు కూడా అక్కడికొచ్చేసరికి బల్లకేసి చూస్తాడు. నవలకీ కథకీ తేడా ఏమిటో వాళ్ళకి తెలుసు. నవల చదివినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గైడులో లక్షణాలుంటాయి, పరీక్షలో లక్షణాలడుగుతారు, మార్కులు లక్షణాలకే పడతాయి. చెట్టెక్కకుండా చెట్టెక్కడం మీద వ్యాసం రాయించడాన్ని మనం చదువంటున్నాం.

"మీ సబ్జెక్టులో ఎవరూ తప్పరండీ," అని హెడ్ మాస్టరు ఆమెని పిలిచి చెప్పాడు. "పాయింట్లు రాయించి వదిలేయండి. ఆ పీరియడు లెక్కలకిచ్చేద్దాం."

"లెక్కల్లో ఉదాహరణలుండవా సార్?"

ఆయన నవ్వి ఫైలు తెరిచాడు. అంటే ఇక వెళ్ళమని.

ఇంటికొచ్చి భర్త దగ్గర వెళ్ళగక్కితే ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, "నీకు జీతమిచ్చేది లక్షణాలకే. ఉదాహరణలు నీ సరదా," అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మాటలో అబద్ధం లేదని ఇంకా మండింది.

ఆ వారం పాఠం శ్రమగీతాలు. 'శ్రమగీతాలు శ్రమను మరిపిస్తాయి' అని మొదటి వాక్యం. ఎవరికి మరిపిస్తాయి? ఒడ్డున నిలబడి వినేవాళ్ళకి. దంచేవాళ్ళ భుజాలు పాట తర్వాత కూడా నొప్పెడతాయి. ఆ మాట పుస్తకంలో లేదు.

"మీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని అడిగి ఒక్క పాట పట్టుకురండి," అంది పిల్లలతో. "సినిమా పాట కాదు. పనిలో పుట్టింది."

మర్నాడు చేతులేవీ లేవలేదు.

"మా నాన్న లారీ నడుపుతూ పాడతాడు టీచర్," అన్నాడు ముందు బల్ల వాడు. "ఎదురుగా ఎవడైనా అడ్డమొస్తే. కానీ అవి క్లాసులో చెప్పకూడదు."

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పుస్తకం తెరవబోతుంటే చివరి బల్ల పిల్ల గొణిగింది.

"మా అమ్మ వాళ్ళ దగ్గర ఉంది టీచర్."

ఆ పిల్ల తల్లి చొక్కాలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. బారుగా మిషన్లు, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క: ఒకామె జేబు, ఒకామె కాలరు, ఒకామె కాజా. మాట్లాడితే సూపర్‌వైజరు జీతం కోస్తాడు. కానీ గుడ్డ నూగు ఊపిరితిత్తుల్లోకి పోకుండా అందరూ మాస్కులు కట్టుకోవాలి. మాస్కు వెనక పెదాలు కదిలితే ఎవరికి కనబడుతుంది? ఒకామె ఒక చరణం వదులుతుంది, పక్కామె అందుకుంటుంది, అది బారు చివరిదాకా పోయి తిరిగొస్తుంది. సూపర్‌వైజరు ఎటు తిరిగితే అటు ఆగిపోతుంది, వీపు వెనక మొదలవుతుంది.

"పాడు," అంది టీచరు.

"జేబు కుట్టేది నేనే, అందులో చెయ్యెవరిదే,
కాలరు కుట్టేది నేనే, ఎగరేసేదెవ్వరే,
నోరు మెదిపితే కోత, దప్పికంటే వాత,
మూతి కనబడదులే, అందుకోవే చెల్లే."

రెండోసారి పాడేసరికి మగపిల్లలు బల్లల మీద మిషను చప్పుడు మొదలెట్టారు. ఎవరూ చెప్పకుండానే ఒక వరస పాడితే ఇంకో వరస అందుకుంది. ఆమె సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడింది. ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయిన పాఠం తనంతట తనే జరిగిపోతోంది. పని లయ ఉంది, గుంపు గొంతు ఉంది, కట్టినవాళ్ళ పేరు లేదు. పైగా ఈ పాట శ్రమని మరిపించడం లేదు, గుర్తు చేస్తోంది.

ఆ సంతోషంలోనే పెద్ద చార్టు మీద పాట రాయించి, అందరూ నడిచే వరండాలో గోడకి అంటించింది. అడుగున అలవాటుగా 'సేకరణ' అని రాసి, ఆ పిల్ల పేరు పూర్తిగా రాయించింది. కష్టం ఎవరిదో పేరు వాళ్ళదే ఉండాలని ఆమె పట్టు. బీదవాళ్ళ పాటలు ఎత్తుకుపోయి తమ పేరు వేసుకున్న పెద్దమనుషుల మీద ఎన్ని సభల్లో అరిచిందో. అందుకే పేరు రాయించేటప్పుడు క్షణం కూడా ఆలోచించలేదు.

రెండు రోజుల తర్వాత, ప్రార్థన గంట కొట్టకముందే ఆ పిల్ల తల్లి వచ్చింది. మాస్కు గడ్డం కిందకి లాగి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ కాయితం తీసేయండి టీచర్ గారూ."

"ఎందుకమ్మా? మీ పాట చాలా గొప్పగా ఉంది. మీ పేరు కూడా ఎక్కడా..."

"మా పిల్ల పేరుందిగా. మా పిల్ల తల్లి ఎవరో తెలుసుకోవడానికి ఆ సూపర్‌వైజరు కలెక్టరవ్వాలా? వాడి కొడుకు ఇక్కడే చదువుతున్నాడు. ఫోన్‌లో ఫొటో తీసుకెళ్ళాడు." ఆమె గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళూ ఎవరు పాడుతున్నారో తెలీక పిచ్చెక్కిపోయాడు. నిన్న నా మిషను పక్కన చేరి, ఏమ్మా, కాలరు ఎవరెగరేస్తారు అన్నాడు."

టీచరు, "నేనొచ్చి మాట్లాడతాను. పాట పాడితే పనిలోంచి తీసేసే హక్కు వాళ్ళకి లేదు. యూనియన్ వాళ్ళు నాకు తెలుసు," అంది.

"మీరు రండి, మాట్లాడి మీ బడికి మీరు వెళ్ళిపోతారు. నేను అక్కడే కూర్చోవాలి."

టీచరు చార్టు అప్పుడే చించేసింది. గమ్ము గట్టిగా అంటి, 'సేకరణ' అన్న ముక్క గోడకే మిగిలిపోతే గోళ్ళతో గీకింది. లాభం లేకపోయింది. వారం తిరక్కుండా ఆ తల్లిని బారులోంచి తీసి, వెనక గదిలో బొత్తాలు లెక్కపెట్టే పనికి వేశారు. అక్కడ ఆమె ఒక్కతే. ఉద్యోగం పోలేదు, కోర్టుకెక్కడానికి కారణమూ లేదు. శుభ్రంగా చేశారు. యూనియన్ ఆఫీసుకి వెళ్తే, "బదిలీ వాళ్ళిష్టం టీచర్. మేమేం చెయ్యగలం?" అని టీ తెప్పించారు. ఆమె తాగకుండా లేచింది.

నెల తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతోంది. శ్రమగీతాల లక్షణాలు తెలపండి, ఉదాహరణ ఇవ్వండి. చివరి బల్ల పిల్ల కాగితంలో మొదటి వాక్యం: 'శ్రమగీతాలు శ్రమను మరిపిస్తాయి.' ఉదాహరణ గైడులోని దంపుళ్ళ పాట. తప్పు ఎక్కడా లేదు. పూర్తి మార్కులు వెయ్యక తప్పలేదు. ఎర్రపెన్ను కింది కాగితం దాకా దిగబడింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర తల్లి ఎదురుపడింది, పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి.

"మిగతావాళ్ళు... ఇంకా పాడుతున్నారా?"

ఆమె మాస్కు ముక్కు మీదకి లాక్కుంది.

"నాకేం తెలుసు టీచర్ గారూ," అని పిల్ల చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పాఠం వచన కవిత. ఆమె కుర్చీలో కూర్చుని రాయించడం మొదలుపెట్టింది. మొదటి లక్షణం, రెండో లక్షణం. నలభై తలలు వంగి రాస్తున్నాయి. చివర్లో ముందు బల్ల వాడు అలవాటు కొద్దీ తలెత్తాడు.

"ఉదాహరణ, టీచర్?"

"గైడులో ఉంది," అంది. "అదే రాయండి."