కారంతా వినపడిన ఫోన్

ఆరేళ్లు ఒకే సారుకి బండి నడిపాను. ఆయన గుమ్మడిదల దగ్గరి మందుల కంపెనీలో మేనేజరు. పొద్దున వెలిమెలలో ఆయన్ని ఎక్కించుకునేవాణ్ణి. సాయంత్రం మళ్లీ అక్కడే దింపి, పటాన్‌చెరులో నా కిరాయి గదికి చేరేవాణ్ణి. నా భార్య పోయాక ఆ గదిలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. బిడ్డ జహీరాబాదులో కాపురం చేసుకుంటోంది, ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా రోజుల్లో నేను మాట్లాడే నాలుగు మాటలూ బండిలోనే.

పాత బండిలో రేడియో కూడా పనిచేసేది కాదు. సారు వెనక సీట్లోంచి ఏదో ఒకటి అడిగేవారు.

"మీ ఊళ్లో బోరు నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయి?"

"ఏం నీళ్లు సార్, బర్రెలు గూడ మూతి తిప్పుకుంటున్నయి."

నవ్వేవారు. నవ్వినందుకు వెంటనే ఇబ్బందిపడి కిటికీలోంచి బయటికి చూసేవారు. వానలు, ధరలు, నా బిడ్డ కానుపు, అన్నీ అట్లా దారిలోనే మాట్లాడుకున్నాం.

తర్వాత కంపెనీ కొత్త బండి ఇచ్చింది. స్టీరింగు పక్కన పలకంత తెర. సారు ఎక్కగానే ఫోన్ నాకు అందించేవారు, నేను వైరు తగిలించేవాణ్ణి. ఆయన ఫోన్ తెర మీదికి వచ్చేసేది. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న దారిని ఒక ఆడగొంతు నాకు చెప్పడం మొదలుపెట్టింది. బొంతపల్లి పేరును అది పలికే తీరుకు మొదట్లో నవ్వొచ్చేది. ఫోన్ వస్తే కారంతా వినపడేది. ఆయన షుగరు ఎంతుందో, ఇంట్లో ఎందుకు గొడవైందో, పైఆఫీసరు ఏమని తిట్టాడో అన్నీ వినేవాణ్ణి. ఆయన సంగతులన్నీ నాకు తెలిశాయి. నా సంగతులు ఆయన అడగడం మానేశారు. రోజంతా నోరు విప్పకుండానే గదికి చేరిన రోజులున్నాయి.

ఒకరోజు పొద్దున బొంతపల్లి దాటుతుండగా తెర మీద 'బావ' అని వచ్చింది. సారు ఎత్తమన్నారు. నొక్కాను.

"బామ్మర్దీ, మీ అక్క పోయిందిరా. పొద్దున చాయ తాగింది, గట్లనే ఒరిగింది. జల్దీ రా."

నాలుగు స్పీకర్లలోంచీ ఆ మాట వచ్చింది. సారు "వస్తున్నాను బావా" అన్నారు. ఫోన్ ఆగిపోయింది. నాతో, "కంపెనీకే పోనివ్వు. ఆడిటర్లు వచ్చి ఉంటారు. ఒక గంట కూర్చుని వెళ్దాం" అన్నారు.

అద్దంలో చూశాను. ఒళ్లో ఫైలును తలకిందులుగా తెరిచి చూస్తున్నారు.

"తిప్పుతున్న సార్. జోగిపేట, అక్క ఇంటికే పోదాం" అన్నాను. ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు.

బండి తిప్పాను. కంపెనీకి పెట్టిన మ్యాప్ అట్లాగే ఉంది. వెనక్కి మళ్లమని ఆ గొంతు చెబుతూనే ఉంది. ఆయన ఫోన్ కదా అని నేను ముట్టుకోలేదు. సంగారెడ్డి దాటాక సారే ముందుకు వంగి వైరు పీకేశారు.

అప్పుడు మాట్లాడారు. ఆరేళ్లలో నేనెన్నడూ వినని వాళ్ల ఊరి మాటలో.

"అమ్మ సచ్చిపోతే అక్కనే సాదింది నన్ను. మిషను కుట్టి సదివిచ్చింది. నిన్న రెండుసార్లు ఫోన్ జేసింది. నేనే ఎత్తలే."

 ముందురోజు సాయంత్రం తెర మీద 'అక్క' అని రెండుసార్లూ చూశాను. "తర్వాత చేస్తాలే, కట్ చెయ్యి" అని సారు అంటే, నొక్కింది నేనే.

ఇల్లు చేరాక ఆయన లోపలికి వెళ్లారు. నేను సందు చివర బండి పక్కన సాయంత్రం దాకా నిలబడ్డాను. ఎవరో పెద్దాయన వచ్చి, "నువ్వు ఏమైతవ్ బిడ్డా?" అని అడిగాడు. "డ్రైవర్‌ని" అన్నాను.

పదకొండు రోజుల తర్వాత సారు డ్యూటీకి వచ్చారు. ఫోన్ అందించలేదు. చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నన్ను చూస్తే ఆయనకు ఫోన్ కట్ చేయించిన ఆ సాయంత్రమే గుర్తొస్తుందేమో. నెల తిరగకుండానే, ఇక బండి తానే నడుపుకుంటానని ఆఫీసులో చెప్పారట. నన్ను షిఫ్టు బస్సుకు మార్చారు. బస్సులో నలభై మంది ఎక్కుతారు. ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు, మన వాళ్లు. అందరి తలలూ ఫోన్లలోనే.

మొన్న కంపెనీ గేటు దగ్గర ఆయన బండి నా పక్కన ఆగింది. అద్దం దిగింది.

"ఎట్లున్నవ్?"

"మంచిగున్న సార్."

ఇంకో మాట కోసం చూశాను. కట్ చేసింది నా వేలు సార్, మీరొక్కరే మోయకండి అని చెప్పాలని ఎన్ని రోజులుగానో అనుకుంటున్నాను. ఇంతలో ఆయన కారులో ఫోన్ మోగింది. అద్దం పైకి లేచింది.